బుధగ్రహం మీద బుడిపెలు

“ఇదేంటమ్మా, బుధగ్రహానికి ఆటలమ్మ పోసిందా?”

సైన్సు మాస్టారి మాటకు స్టాఫ్‌రూములో మిగతా టీచర్లు పక్కున నవ్వారు. బుధగ్రహం బొమ్మ పలక తెచ్చిన అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. వారమంతా నడుం పడిపోయేలా కూర్చుని ఆ పలక మీద ప్లాస్టర్‌తో మలిచిన గ్రహం అది. బొమ్మల షాపులో నాన్న పూర్తిగా తన చేతికి వదిలిన మొదటి పని. “ఇది వెనక్కి వచ్చిందంటే మళ్లీ ప్లాస్టర్ కలిపే గిన్నెలు కడుక్కోవడమే” అని చెప్పి మరీ పంపాడు.

“హెడ్‌మిస్ట్రెస్ గారు ఇచ్చిన ఫోటో చూసే చేశాను మాస్టారూ.”

“ఉల్క వచ్చి గుద్దితే నేల గుంట పడుతుందా, బొప్పి కడుతుందా?”

“నన్ను గుద్దితే బొప్పే కడుతుంది” అని గొణిగింది.

మాస్టారు పలక మీద మళ్లీ వేళ్లు ఆడించారు. ఇందాకటి నుంచీ అదే వరస.

“అలా రుద్దకండి, ఇంకా పూర్తిగా ఆరలేదు!” అంటూ ఫోటో తీసి ఆయన ముందు పెట్టింది. “మీరే కళ్లు పెట్టి చూడండి. అన్నీ బుడిపెలే.”

ఆయన దాని వంకకైనా తిరగలేదు. ఎంత పొగరు, అనుకుంది.

“వెలుగు ఏ వైపుందో చెప్పు.”

“ప్రతిదానికీ పై అంచున వెలుగు, కింద నీడ.”

“ఇప్పుడు ఫోటో తలకిందులు చెయ్యి.”

విసురుగా తిప్పింది. బుడిపెలన్నీ ఒక్కసారిగా గుంటలైపోయాయి.

“వెలుగు పైనుంచే పడుతుందని కళ్లకు అలవాటు. ఇందులో కిందినుంచి పడింది. ఏటా మా పిల్లలూ ఇక్కడే బోల్తా పడతారు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!” ఆమె పలక తన వైపు జరుపుకుంది. “ఫోటో కూడా చూడకుండా నా పనికి వంకలు పెట్టారు. ఇప్పుడు నాన్నకేం చెప్పను?”

“నేను ఫోన్ చేస్తాలే. చేతిపని మాత్రం శుభ్రంగా ఉంది. గుంటలతో చేసే రెండోది కూడా నీ చేతే చేయించమంటాను.”

థాంక్స్ చెప్పడానికి కూడా ఆమెకు మనసు రాలేదు. ఫోటో లాక్కుని సంచిలో కుక్కుకుంది.

పిరియడ్ గంట మోగింది.

మాస్టారు లేచి, మడిచి ఉన్న తెల్లకర్ర విప్పి, దాంతో నేల తడుముకుంటూ తలుపు వైపు నడిచారు.