జూలైలో చెమటలు

“ఈ నెల ఇంజెక్షన్ వేయించుకోను,” అన్నాడు నెవిల్. టాస్మేనియాలో జూలై అంటే నడి చలికాలం. ఎముకలు కొరికే ఆ చలిలో కిటికీలన్నీ బార్లా తెరిచి, ఒంటి బనీనుతో నిలబడ్డాడు.

రెండు స్వెట్టర్లలో ముడుచుకున్న అతని భార్య గ్లెనిస్ టీ కప్పు కింద పెట్టింది. “ఎందుకట?”

“ఈ చెమటలు చూడు. ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరే అన్నాడు. ఇక ఛాతీ అంటావా, పెరిగి నీతో పోటీకొస్తోంది.”

“పోటీ ఎప్పుడో అయిపోయింది, నువ్వే గెలిచావు. ఏడాదిగా ఉన్న భాగోతమేగా. ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?”

నెవిల్ ఫ్రిజ్ తలుపు లాగాడు. లోపలున్న గిన్నెల్లో ఒక్కటీ వాళ్ళది కాదు.

ఆ ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే నోరు తెరిచి అడగరు. ఏదో ఒకటి వండి, గుమ్మంలో పెట్టి పోతారు. చలికాలంలో చెమటలు, నెలనెలా ఇంజెక్షన్ చూసి, నెవిల్‌కి ప్రోస్టేట్ క్యాన్సరని పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బువాళ్ళు తేల్చేసుకున్నారు. మగ హార్మోన్ని అణిచే ఆ మందు దానికీ ఇస్తారు మరి.

“నిన్న క్లబ్బులో మార్జరీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, గ్లెన్. ఒకప్పుడు నేను చాటుగా నిలబడి చూసింది ఆవిడ కిటికీలోకే. మందు మానేస్తే చెమటలు పోతాయి. వీళ్ళ జాలీ వదులుతుంది.”

“ఆ తర్వాత? మళ్ళీ కిటికీలా?”

నెవిల్ ఫ్రిజ్ తలుపు మూసేశాడు. తనంతట తానే డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పుకున్న మనిషి. ఈ మందుతోనే బుర్రలో ఆ రొద సద్దుమణిగింది.

ఇంతలో తలుపు చప్పుడైంది. వచ్చింది క్లబ్బు పెద్ద డెస్. ఆరేళ్ళుగా ఇదే ఇంజెక్షన్ వేయించుకుంటూ, క్యాన్సర్‌కి లొంగని మొండివాడని ఊరంతా మెచ్చుకునే ముసలాయన. ఆయన చేతిలోనూ ఓ గిన్నె ఉంది. గ్లెనిస్ దాన్ని అందుకుని వంటింట్లోకి వెళ్ళింది.

“డెస్, అది నేను తినలేను,” అన్నాడు నెవిల్. “నాకు క్యాన్సర్ లేదు. దొంగచాటుగా జనం కిటికీల్లోకి చూసేవాణ్ణి. ఆ పాడు యావ చావడానికే ఈ ఇంజెక్షన్. వెళ్ళి అందరికీ చెప్పెయ్యి.”

డెస్ కదల్లేదు. వంటింటి వైపు ఓసారి చూసి, కోటు గుండీలు విప్పాడు. లోపలి చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది.

“మందు మాత్రం మానకురా అబ్బాయ్,” అన్నాడు గొంతు తగ్గించి. “నాకూ క్యాన్సర్ లేదు.”