అన్సెల్మో దొరికిన రోజు

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. తప్పులుంటే మన్నించండి. రాయడంలో నాది నత్తనడకే, కథను మాత్రం నడిదారిలో నిలబెట్టను.

మేస్త్రీ ఫాబియాన్ గుప్పెడు చుట్టలు తెచ్చి ఎవెలియో ముందు కుమ్మరించాడు.

“ఒకటి అంటించి లాగు.”

ఎవెలియో లాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి గాని పొగ రాలేదు.

“రాదు. ఎలా వస్తుంది? నిన్న నువ్వు చుట్టేవాళ్ళకి ఆ వెంటాడే ఘట్టం చదివావు. వాళ్ళు ఊపిరి బిగబట్టారు, ఆకునీ బిగించి చుట్టారు. చుట్టలా ఇవి? మేకులు!”

ఆ చుట్టల ఫ్యాక్టరీలో ఎవెలియో పని చదవడం. ఎత్తుపీట మీద కూర్చుని పొద్దున వార్తలు, మధ్యాహ్నం నవల చదువుతాడు. చుట్టేవాళ్ళ చేతులు ఆకుల మీద ఉంటాయి, చెవులు అతని గొంతు మీద. ఇప్పటి నవలలో, గడియారాలు బాగుచేసే అన్సెల్మో పెళ్ళినాటి పొద్దున రొట్టె కొనడానికి వెళ్ళి మాయమయ్యాడు. ఇంకా దొరకలేదు. మిగిలింది ఒక్క అధ్యాయమే.

“ఇవాళ మెల్లగా చదువు. చప్పగా చదువు,” అన్నాడు ఫాబియాన్. “ఇవాళ కూడా చుట్టలు బిగిస్తే రేపటి నుంచి నవల లేదు. నీ పీటా లేదు.”

“మేస్త్రీ, ఆ కథ కోసమే కదా వీళ్ళు పొద్దున్నే పరిగెత్తుకొస్తున్నారు?”

“అయితే ఆ కథ వింటూ చేతులు అదుపులో పెట్టుకున్న మనిషిని ఒక్కరిని చూపించు. ఇక నోరెత్తను.”

ఎవెలియో కిందికి చూశాడు. అందరి కాళ్ళూ బల్లల కింద ఆడుతున్నాయి. మూలబల్ల దగ్గర ముసలి నెమెసియా ఒక్కతే ఆకు మీద నీళ్ళు చిలకరించుకుంటూ తన లోకంలో ఉంది. తర్వాత ఏ నవల చదవాలో ఓటు వేసే రోజున ఆమె చీటీ ఎవెలియోయే రాసిపెడతాడు. ఆమెకు సున్నా చుట్టడం కూడా రాదంటారు.

మధ్యాహ్నం కాఫీ గంట కొట్టారు. ఎవెలియో ఎప్పటిలాగే పుస్తకం పీట మీద బోర్లించి వెళ్ళాడు. తిరిగివచ్చి మొదలుపెట్టాడు.

ముందు మేస్త్రీ చెప్పినట్టే చదివాడు. రొట్టెల దుకాణం తలుపు రంగు, పొయ్యి, పిండి జల్లెడ, ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ.

“ఏమయ్యా, రొట్టె కాల్చి తినిపిస్తావా ఏంటి?” సోయిలా కేకేసింది. “మనిషేడీ?”

“ఆ రొట్టెలవాడే చంపుంటాడు!” వెనకనుంచి రుపెర్టో.

“నోర్ముయ్, వాడికంత తెలివెక్కడిది? పెళ్ళికూతురి అన్నే!”

“చదవయ్యా బాబూ, నా చుట్టకన్నా నీ వాక్యం పొడుగ్గా ఉంది!”

నచ్చితే ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటకలాడించడం, నచ్చకపోతే కత్తి నేలమీద పడెయ్యడం వాళ్ళ పద్ధతి. మొదటి కత్తి పడింది. రెండోది పడింది. మూడోది పడేసరికి ఎవెలియో ఉండబట్టలేకపోయాడు. పీట పోతే పోనీ అనుకున్నాడు. గొంతు విప్పాడు.

కథ పరుగెత్తింది. గంటస్తంభం మెట్లు, చీకటి, పైనుంచి దగ్గు. ప్రతి వరుస కిందా పొగాకు రంగు మరక సన్నగా సాగి ఉండటం అతని కంటబడింది. ఎవరి వేలో. ఆలోచించే తీరిక లేదు. తలుపు తెరుచుకుంది, లోపల అన్సెల్మో ఉన్నాడు, బతికే ఉన్నాడు. అతన్ని దాచింది కన్నతల్లే!

కత్తులన్నీ ఒక్కసారిగా బల్లలమీద మోగాయి. సోయిలా ఏడుస్తూ, “ఛీ, ఏం తల్లే!” అని తిట్టింది.

సాయంత్రం ఫాబియాన్ ఒక్కొక్క బల్లా పరీక్షించాడు. ఎవెలియో పుస్తకం చంకలో పెట్టుకుని వెనకే నడిచాడు. సోయిలా చుట్ట లాగితే పొగ రాలేదు. రుపెర్టోది లాగబోతే తలనొప్పి వచ్చింది. మేస్త్రీ పీట వైపు వేలు చూపించాడు. సర్దుకోమని.

చివరికి మూలబల్ల. నెమెసియా చుట్ట అంటించాడు. లాగాడు. మళ్ళీ లాగాడు. పొగ నీలంగా, మెత్తగా, చెప్పినమాట విన్నట్టు వచ్చింది. ఆమెవే మరో నాలుగు తీసి చూశాడు. అన్నీ అంతే.

“అత్తా, నువ్వు ఆ కథ వినలేదా?”

“చెవులున్నాయిగా, విన్నాను.”

ఫాబియాన్ చాలాసేపు పొగ వదిలాడు. “తప్పు కథది కాదన్నమాట,” అని బల్లలవైపు తిరిగి అరిచాడు. “మీ చేతులది! ఈవిడ్ని చూసి నేర్చుకోండి. రేపు కొత్త నవలకి ఓట్లు!”

మర్నాడు ఎవెలియో చీటీ, కలం పట్టుకుని ముందుగా మూలబల్లకే వెళ్ళాడు.

“అత్తా, నా పీట నిలబెట్టావు. వాళ్ళందరి వేళ్ళూ బిగుసుకుపోతుంటే నీ వేళ్ళకేమీ కాలేదే! సరేగాని, నీ ఓటు దేనికి? చెప్పు, రాసిపెడతాను.”

నెమెసియా పొగాకు రంగు వేలితో అతని చేతిలోంచి కలం మెల్లగా లాక్కుంది.

“నేనే రాసుకుంటాలే. నువ్వు మాత్రం కాఫీకి వెళ్ళేటప్పుడు ఈసారి పుస్తకం వెంట తీసుకుపో నాయనా. చివర ఏమైందో ముందే చూడకుండా నాకు ఆగడం చేతకావడం లేదు.”

— ఓబ్దులియా కార్తాయా, డెబ్బై ఆరేళ్ళు. ప్రస్తుతం సియెన్‌ఫ్యూగోస్‌లో, చెల్లెలి ఇంట్లో.