శుక్రవారం దయ్యం సినిమా

మేమిద్దరం కలిసున్న ఆఖరి రోజు శుక్రవారం. దోహాలో మా చమురు కంపెనీకి సెలవు. మధ్యాహ్నం పరదాలు దించి, నేనూ నా భార్య గంగామణీ అలవాటుగా దయ్యం సినిమా క్యాసెట్ పెట్టుకున్నాం. ముందు అరిచినవాళ్లు చాయ్ పెట్టాలి. ఎప్పటిలాగే నేనే అరిచాను.

నేను పెట్టిన చాయ్ తాగుతూ ఆమె నవ్వింది.

"దయ్యం రాకముందే అరిసినవ్. నా చేతి చాయ్ తాగుడు తప్పిచ్చుకుందామని ఎన్నేండ్ల సంది ఈ నాటకం?"

దొరికిపోయాను.

"ఉండు, సచ్చి దయ్యమై నీ దగ్గరికే వస్త. గప్పుడు నిజంగ అరుస్తవ్."

సాయంత్రం ఆమె గుండె ఆగిపోయింది.

నెల రోజులుగా ప్రతి శుక్రవారం పరదాలు దించే కూర్చుంటున్నాను. ఎవరూ రాలేదు.

రేపు పొద్దున వీడియో షాపుకు వెళ్లి, అన్నిటికన్నా భయంకరమైన సినిమా తెస్తాను. ఆమె వస్తే అరవను. ఈసారి చాయ్ ఆమే పెట్టాలి.