గేటు పక్కన మందారం

రత్నాబాయికి మందారం కావాలి. ముద్దమందారం కాదు, ఐదు రేకుల ఎర్రది. పొద్దున్న కిటికీ తెరవగానే గేటు పక్కన కనబడాలి. దేవుడి పటానికి రోజూ ఫోరస్ రోడ్‌లో వాడిన పూలు కొనే బాధ తప్పాలి.

నర్సమ్మకు కాగితాల పువ్వు కావాలి. అదీ గేటు పక్కనే.

గేటు పక్కన ఎండ బాగా పడే చోటు ఒక్కటే ఉంది. చిక్కంతా అక్కడ వచ్చింది.

తోటల కంపెనీ నుంచి వచ్చిన కోమల్ నెమ్మదైన పిల్ల. గదుల ముందున్న గ్యాలరీలో చాప మీద కూర్చుని ఫోన్‌లో ఒక్కో మొక్క బొమ్మా చూపించింది. ఈ ఉక్కకూ, ఉప్పుగాలికీ, వానకూ తట్టుకునేవే తెచ్చానంది. ఈ వరసగదుల చాల్‌కు కమిటీ పెద్ద నారాయణ అందరికీ చాయ్ పోయించాడు.

పామ్ చెట్ల వరసకు ఎవరూ అడ్డు చెప్పలేదు. పైనుంచి చూస్తే అందమని నారాయణ అన్నాడు, సరేనన్నారు. హెలికోనియా పూల దోనెల్లో నీళ్లు నిలిచి దోమలు చేరతాయని ఒకరు కొట్టేశారు. గన్నేరు వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారని ఇంకొకరు. దేవగన్నేరు చలికాలమంతా బోడిగా నిలబడుతుందని రత్నాబాయే ముఖం చిట్లించింది. క్రోటన్లను మూలలకు సర్దారు. చివరికి గేటు పక్క చోటు మిగిలింది.

"మందారం" అంది రత్నాబాయి.

"కాగితాల పువ్వు" అంది నర్సమ్మ, ఆ మాట పూర్తి కాకముందే.

ఇద్దరివీ పక్కపక్క గదులు. నల్లా నీళ్లు తెల్లవారుజామున వచ్చి పోతాయి. ఆ వేళకు రత్నాబాయి క్యాంటీన్‌లో వంటకని గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో బండెక్కి ఉంటుంది. కాబట్టి ఆమె డ్రమ్ము కూడా నర్సమ్మే నింపుతుంది. సాయంత్రం రత్నాబాయి గదిలోంచి కూరగిన్నె నర్సమ్మ గదిలోకి పోతుంది. ఎవరో అడిగి పెట్టిన ఏర్పాటు కాదిది. ఎప్పటినుంచో అట్లా నడుస్తోంది, అంతే.

"మందారానికి రోజూ నీళ్లు గావాలె అక్కా. ఎవరు పోస్తరు? మళ్ల నేనేనా?" అంది నర్సమ్మ. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనుల్లో నీళ్లు మోసీ మోసీ ఆమె నెత్తి మీద జుట్టు పలచబడింది.

"నీ పువ్వుకు వాసన లేదు. దేవునికి పనికిరాదు. ఉత్త ఖాళీపీలీ రంగు."

"అందుకే ఎవ్వరు తెంపరు. నీ మందారం తెల్లారకముందే మాయమైతది. పూల కాడ ఈ చాల్‌ల అందరు దొంగలే."

చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వారు. రత్నాబాయికి ఒళ్లు మండింది.

"మా అత్త నూరువరహాల చెట్టు పెట్టమన్నది. అప్పట్ల ఆమె మాటకు ఎవరన్నా ఎదురుచెప్పిన్రా?"

"పెట్టమన్నది సరే. పూసినయా?"

రత్నాబాయి నోటికొచ్చింది అనేసింది. "నిన్నమొన్న వచ్చినోళ్లకు మా చాల్ సంగతి ఏం తెలుసు?"

నర్సమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచిపోయింది. ఆమె పిల్లల్ని కన్నదీ, వాళ్ల పెళ్లిళ్లు చేసిందీ ఈ చాల్‌లోనే.

మరునాడు రత్నాబాయి పనినుంచి వచ్చి డ్రమ్ము మూత తీసింది. చేత్తో తడితే డప్పులా మోగింది.

ఆ పూట సీసాలో మిగిలిన నీళ్లతో గడిపింది. తర్వాత రోజు క్యాంటీన్ నుంచి డబ్బాతో మోసుకొచ్చింది. కూర ఎప్పటిలాగే ఎక్కువ వండేసి, గిన్నె వైపు చూసి, మూత పెట్టేసింది. తలుపు వేస్తే ఆ గదిలో పట్టపగలే చీకటి. లైటు వేసుకుని ఒక్కతే తింది. ఇన్నేళ్ల స్నేహం ఒక మొక్క కింద పడి నలిగిపోయేలా ఉంది.

ఈలోగా కోమల్ ఫోన్ చేసి, ఆదివారానికి తేల్చకపోతే ఆ చోట తెల్ల గులకరాళ్లు పోయిస్తారని చెప్పింది. నారాయణ గ్యాలరీ అంతా తిరిగి, రాళ్లు చూస్తూ బతుకుతారా అని మొత్తుకున్నాడు.

ఆదివారం అందరూ చేరారు. నర్సమ్మ దూరంగా, గోడవైపు తిరిగి కూర్చుంది. రత్నాబాయి కోమల్‌నే అడిగింది, కాగితాల పువ్వు గోడ ఎక్కుతుందా అని. ఎండ ఉంటే ఎంతైనా ఎక్కుతుందంది కోమల్.

"అయితే దాన్ని గోడ మీదికి ఎక్కియ్యి. మందారం దాని నీడ పడకుండ ముంగట పెట్టు." అంది రత్నాబాయి. "నీళ్లు నేను పోస్త. రెండిటికి."

నర్సమ్మ అటే చూస్తూ అంది. "నువ్వు పోస్తవా? నీ డ్రమ్ముల నీళ్లు నువ్వు పట్టుకోనిదానివి."

గ్యాలరీ మొత్తం నవ్వింది. రత్నాబాయి కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

"నేనే పోస్త తియ్యక్కా" అంది నర్సమ్మ ఇటు తిరిగి. "రోజుకో పువ్వు మాత్రం నాకియ్యాలె."

సోమవారం డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. సాయంత్రం పుంటికూర గిన్నె పక్కగదికి పోయింది.

ఆ మరునాడు నారాయణ, ఈ చాల్ పడగొట్టి కట్టబోయే బిల్డింగు బొమ్మలో గేటు పక్కన మందారాన్నీ గోడ మీద కాగితాల పువ్వునీ దిద్దించి తెచ్చి, కమిటీ గది గోడకు, ఒకప్పుడు రత్నాబాయి అత్త నూరువరహాల చెట్టు పెట్టమన్న, ఇంతవరకూ కట్టని బిల్డింగు పాత బొమ్మ పక్కన తగిలించాడు.