నైరుతిలో గుంత

ఎర్త్ గుంత ఉండాల్సిన చోట కొత్త టైల్స్ మెరుస్తున్నాయి.

కృపారాణి సామాన్ల సంచి కింద పెట్టి, చెప్పుకాలితో ఆ టైల్స్ మీద తట్టి చూసింది. నెల కిందట నిలువు లోతు తవ్వించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోయించిన గుంత. ఆనవాలు కూడా లేదు. ఆమెకు ఒళ్లు మండింది.

"హరిప్రసాదన్నా, గుంత ఏమైంది?"

ఆత్మకూరు బస్టాండు వెనక కట్టిన కొత్త బిల్డింగు అది. కింద ఎరువుల కొట్టు, పైన ఇల్లు. వైరింగంతా కృపారాణి చేతి పనే. తెల్లవారితే గృహప్రవేశం. మెయిన్ ఆన్ చేసి అప్పజెప్పిపోదామని వచ్చింది.

"సిద్ధాంతి చూసినాడమ్మా. నైరుతిలో గుంత ఉంటే ఇంటి పెద్దకు చేటంట. పూడ్పించి, వైరు కత్తిరించేసినాం," అన్నాడు హరిప్రసాద్ తాపీగా.

ఆ ఇంటి పెద్ద మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. అతని తల్లి వరలక్ష్మమ్మ. ముక్కుకు ట్యూబు, పక్కన చిన్న సిలిండరు. రేపు ఆమెతో పాటు ఆక్సిజన్ మిషనూ ఈ ఇంట్లోకి వస్తుంది. అది ఆడుతున్నంతసేపే ఆమెకు ఊపిరి.

కృపారాణి మెయిన్ బోర్డు తలుపు తెరిచింది.

"మరి ఈ సర్జ్ డబ్బా ఎందుకు పెట్టినట్టు? పిడుగు పడితే లైన్లో పొంగుకొచ్చే కరెంటును మిషన్ల మీదికి పోనీకుండా భూమిలోకి తోస్తదని చెప్పినానా లేదా? ఇప్పుడు యాడికి తోస్తది?"

"డబ్బా ఉండాది గదా. బాగుండాదన్నట్టు పచ్చ చుక్క గూడా కనిపిస్తా ఉండాది. అయినా, అసలు రూల్లో ఇది పెట్టమని ఉండాదా? మా బావమరిది అక్కర్లేదంటన్నాడు."

"మామూలు ఇంటికైతే ముప్పు ఎంతో చూసుకొని పెట్టుకోమంటది. మనిషి ప్రాణం మిషన్ మీద ఉన్నచోట పెట్టి తీరాలంటది."

"అది ఆస్పత్రులకమ్మా."

"సరే, రూలు పక్కన పెట్టు."

సంచిలోంచి పాత బల్బు తీసింది. దాని హోల్డరుకు రెండు వైర్లు వేలాడుతున్నాయి. ఒకటి ఫేజుకు, రెండోది న్యూట్రల్‌కు ఆనించింది. బల్బు వెలిగింది.

ఆ రెండో వైరు తీసి ఎర్త్‌కు ఆనించింది. వెలగలేదు.

"ఏం పాపా, ఆరిపోయిందే?" అంది వరలక్ష్మమ్మ.

"భూమి లేదవ్వా."

హరిప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "పొద్దున ఏడున్నరకు ముహూర్తం. ఇప్పుడు టైల్స్ పగలగొట్టమంటే ఎట్లా? ముందు మెయిన్ వెయ్యి, తర్వాత చూసుకుందాం."

"వెయ్యను."

ఫ్యూజులు మూడూ పీకి సంచిలో వేసుకుంది.

"ఊళ్లో ఇంకో ఎలక్ట్రీషియన్ లేడనుకుంటన్నావా?"

"ఉన్నాడు, పిలువు. ఈ బల్బు ఇక్కడే పెట్టి పోతా. ఆయన రాంగనే చేతికియ్యి, ఎర్త్‌కు ఆనించి చూసుకుంటాడు."

హరిప్రసాద్ మొహం మాడ్చుకున్నాడు.

"ఒరే," అంది తల్లి. ఆయాసపడుతూ, మాటమాటకీ ఆగుతూ. "ఈశాన్యంలో బోరు వెయ్యమన్నది ఆ సిద్ధాంతే గదా?"

"అవునమ్మా."

"దాని పక్కన తవ్వించు. చేటొస్తే నాకే గదా వచ్చేది."

కృపారాణికి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"ఆ గుంతకు నీళ్లు పొయ్యాల్నా పాపా?"

"ఎండాకాలమంతా పొయ్యాలవ్వా. మట్టి తడారితే ఎర్త్ పని చెయ్యదు."

"అయితే నేను పోస్తా. నాకింకేం పనుండాది?"

పొద్దు గూకేలోపు ఇద్దరు కూలీలు ఈశాన్యంలో గుంత తీశారు. మళ్లీ పైపు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు. బోర్డు దాకా కొత్త వైరు. ఈసారి ఎర్త్‌కు ఆనించగానే బల్బు భగ్గున వెలిగింది. హరిప్రసాద్ దానివంక చూసి లోపలికి పోయాడు.

ఏ ఇంట్లోనూ తొలి స్విచ్చు కృపారాణి వేయదు. ఇంటి పెద్దతో వేయిస్తుంది. పొద్దున వరలక్ష్మమ్మను కుర్చీతో సహా బోర్డు దగ్గరికి మోసుకొచ్చారు. ఆమె ముందు చెంబెడు నీళ్లు అడిగింది. గుంత దగ్గరికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. తన చేత్తోనే నీళ్లు పోసి, అప్పుడొచ్చి స్విచ్చు వేసింది.

రెండు నెలలకు, నడి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం ఉరుములతో గాలివాన వచ్చి పోయింది. ఉదయగిరిలో ఒక బడికి వైరింగ్ చేస్తున్న కృపారాణికి ఫోన్ వచ్చింది.

"అమ్మా, నేను హరిప్రసాద్‌ని. మా వీధిలో పిడుగు పడింది. పక్క నాలుగు కొట్లలో టీవీలు, ఫ్రిజ్జులు, అన్నీ పోయినాయి. మన డబ్బాలో పచ్చ చుక్క ఎర్రగా అయిపోయింది."

అతని మాట వెనక, మిషను ఆగకుండా ఆడుతున్న చప్పుడు వినిపించింది. కృపారాణి ఊపిరి పీల్చుకుంది.

"దాని పని అది చేసిందన్నా. సాయంత్రానికొచ్చి కొత్తది వేస్తా. అవ్వ నీళ్లు పోస్తా ఉండాదా?"

"అమ్మ మంచం దిగక నెలైంది."

"మరి గుంతలో నీళ్లు?"



"నేనే పోస్తన్నా," అన్నాడు.