ఈ అంతస్తులో ముగ్గురం

"తలుపు తియ్యి తల్లీ! నేనే, అక్కని."

లోపల్నుంచి వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. మైక్రోస్కోపు ఉండే చీకటిగది అది. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోందంటే ఎవరూ తట్టకూడదు. ఏడవడానికి ఈ అంతస్తులో ఇంతకంటే మంచి చోటు లేదని అక్కకి బాగా తెలుసు. పీహెచ్‌డీలో చేరిన కొత్తల్లో ఆమె కూడా ఇందులోనే దూరి ఏడ్చేది.

లోపల పిచ్చుక తప్ప ఇంకెవరుంటారు? ఈమధ్యే చేరిన పిల్ల. బక్కపలచటి మనిషి, సన్నటి గొంతు. ల్యాబులో అందరూ పిచ్చుక అనే పిలుస్తున్నారు.

ఇందాక సెమినార్‌లో ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి తన లెక్కలు వివరిస్తుంటే, ముందువరసలో కూర్చున్న పెద్ద ప్రొఫెసర్ మధ్యలోనే చెయ్యి ఎత్తాడు. "ఇవన్నీ నువ్వే చేశావా, ఎవరైనా చేసిపెట్టారా? సీటు తెచ్చుకున్నంత తేలిక కాదమ్మా సైన్సు!"

అందరూ ఘొల్లున నవ్వారు. పిల్ల మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

వాళ్ల ల్యాబు నడిపే మేడమ్ ఒక్కరే లేచారు. "ఆ లెక్కలు నేను చూశాను. అర్థం కాకపోతే అడగండి. అనుమానించకండి," అన్నారు. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. అప్పటికే పిచ్చుక బయటికి పరిగెత్తింది. వెనకాలే అక్కా పరిగెత్తింది. ఆ తర్వాత గదిలో ఏమైందో ఆమెకి తెలీదు. కాంటీన్, లైబ్రరీ, మెట్ల కింద, అన్నీ గాలించి చివరికి ఇక్కడికొచ్చింది.

"సర్దుకుని వెళ్లిపోదామనుకుంటున్నావు కదూ?" తలుపుకి నోరు దగ్గరగా పెట్టి అడిగింది.

వెక్కిళ్లు క్షణం ఆగాయి.

"నేనూ సర్దుకున్నానే ఒకసారి. మేడమ్ నా గదికొచ్చారు. తిడతారేమో అనుకున్నా. ఒక్క మాట అనలేదు. బ్యాగు జిప్పు తీసి, నా బట్టలన్నీ మళ్లీ అల్మారాలో పెట్టి వెళ్లారు. చివరికి చిరిగిన తువ్వాలు కూడా మడతపెట్టారు. ఇంక ఎలా వెళ్తాను చెప్పు?"

లోపల ఏదో కుర్చీ కిర్రుమంది.

"ఈ అంతస్తులో మనవాళ్లం ముగ్గురం. మేడమ్, నేను, నువ్వు. నువ్వు కూడా పోతే, వీళ్లకి ఇది చేతకాదని ముందే చెప్పాం కదా అంటారు. అయినా ఇదంతా డాక్టరేట్ చేతికొచ్చేదాకానే. మేడమ్‌ని చూడు. ఆవిడా మనలాంటి ఇంట్లోంచి వచ్చినావిడే. ఇవాళ నోరు విప్పితే గది మొత్తం కిక్కురుమనలేదు. ఆ కుర్చీ దాకా వెళ్తే మనల్ని ఇంకెవరేం అంటారు? ఆవిడ కంట్లో నీళ్లు ఎప్పుడైనా చూశావా?"

ఆ మాటకి లోపల ఏడుపు కట్టలు తెంచుకుంది. నోరు నొక్కుకుంటున్నా ఆగడంలేదు. అక్క తలుపుకి వీపు ఆనించి నేలమీద చతికిలబడింది.

"సరే, ఏడువు. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడువు. నేనిక్కడే ఉంటా. ఎవర్నీ రానివ్వను."

"ఎవరితో అక్కా మాట్లాడుతున్నావు?"

అక్క ఉలిక్కిపడి తల తిప్పింది. వరండా చివర పిచ్చుక. అప్పుడే మొహం కడుక్కుని వచ్చినట్టుంది, ముంగురుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"నీకోసమే వెతుకుతున్నా. డాబా మీదికెళ్లి కూర్చున్నానులే కాసేపు. ఇంక ఏడవను అక్కా. మేడమ్‌లాగా అవుతా. అప్పుడు చూస్తా ఎవడు నవ్వుతాడో!"

అక్క పిచ్చుక వంక చూసింది. తలుపు వంక చూసింది. గబుక్కున నేలమీంచి లేచి పక్కకి జరిగింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది. వాచిన కళ్లని కోటు చేతికి తుడుచుకుంటూ మేడమ్ బయటికొచ్చారు.