మెనూ మీది నీడలు

కంప్యూటర్ తెర పైఅంచున వరుసగా ఉన్న మెనూల్లో ఒకదాన్ని తెరిచి మూస్తే, దాని నీడ అక్కడే మిగిలిపోతోంది. పక్కదాన్ని తెరిస్తే కొత్త పదాలు పాత పదాల మీద పడి, రెండూ చదవరాకుండా పోతున్నాయి.

ప్రోగ్రామర్ తొమ్మిది రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాడు. తెరను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మార్చాడు. తెర కొలతలు మార్చాడు. అంతా తీసేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. నీడలు పోలేదు. లోపం యంత్రంలో ఉందా, తను రాసినదాంట్లో ఉందా, అసలు తనలోనే ఉందా అన్న ప్రశ్న మాత్రం రోజురోజుకీ స్పష్టమవుతోంది.

మూడింటికి గ్రంథాలయం వాళ్లు వస్తారు. పుస్తకాల జాబితా చూపే ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లకోసం చేసిందే. వాళ్లు సంతకం పెడితే ఆఫీసు ఉంటుంది. లేకపోతే ఉన్న ముగ్గురూ ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి.

"నమూనా పంపినప్పుడు బాగుందన్నారు కద సార్. ఈ నీడలు అప్పుడూ ఉన్నాయి," అన్నాడు యజమానితో.

"ఫోన్లో మర్యాదకి ఎవరైనా అంటారయ్యా. మొహమే ఇలా ఉంటే లోపలికి ఎవరొస్తారు?"

"మనుషులు ఎలాంటివాళ్లు?"

"నేనూ చూడలేదు. మాట మహా నెమ్మది. మౌస్ వద్దు, అన్నీ కీబోర్డుతోనే నడవాలని ఒకటే పట్టు. పాతకాలపు బుర్రలు."

పక్క బల్ల దగ్గర, అతడు రాసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టే టెస్టర్ తన సామాను సంచీలో సర్దుకుంటోంది. "ఈ మొక్క నువ్వు ఉంచుకో తమ్ముడూ," అంది.

"ఎండిపోయింది కదక్కా."

"ఈ ఆఫీసులో ఎండనిది ఏముందిలే."

చివరికి అతడు, చేయకూడదని తనకు తానే చెప్పుకుంటూ వచ్చిన పని చేశాడు. మెనూల్లోని పదాలన్నీ తీసేశాడు. ఒక్కో పదాన్నీ బొమ్మగా గీసి అదే చోట అతికించాడు. చూసే మనిషికి అది పదమే. యంత్రానికి మాత్రం ఒట్టి రంగు ముక్క. అందులో ఏం రాసి ఉందో దానికి తెలియదు.

తెరిచాడు. మూశాడు. నీడ లేదు.

టెస్టర్ కళ్లద్దాలు సర్దుకుని ఇరవైసార్లు తెరిచి మూసింది. "అద్దంలా ఉంది. దొంగపనే అనుకో. కానీ ఎవరికి తెలుస్తుంది?"

పొరపాటున పాతది తెరుచుకుంటే పరువు పోతుందని దాన్ని ఆ కంప్యూటర్‌లోంచి తుడిచేశాడు. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి వెనక్కి వాలి కూర్చున్నాడు.

మూడయింది. యజమాని చొక్కా సర్దుకుని వెళ్లి తలుపు తీశాడు.

తెల్లకర్రలతో దారి తడుముకుంటూ నలుగురు లోపలికి వచ్చారు, వాళ్లలో పెద్దాయన చేత్తో కుర్చీని వెతికి పట్టుకుని కూర్చుని, మెనూలోని పదాలను కంప్యూటర్ చదివి వినిపిస్తుందని హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు.